వైరు క్లచ్ నుంచి హైడ్రాలిక్ క్లచ్‌కి: ఏది చెయ్యి నేర్చుకోవాలి, ఏది బండిలో సరిచేయాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆరేళ్లు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 నడిపారు. నెల క్రితం సెకండ్ హ్యాండ్‌లో రెండో తరం సుజుకి హయబుసా తీసుకున్నారు. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి ఆఫ్ అవుతోంది, యూటర్న్ తిప్పేటప్పుడు కుదుపు వస్తోంది. మధ్యలో ఇంకో రెండు మాటలు కూడా రాశారు. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో అరగంట నడిపాక లివర్ దాదాపు పూర్తిగా వదిలితే గానీ క్లచ్ పట్టడం లేదు. అదే సమయంలో నాలుగో గేర్లో గట్టిగా రేజ్ చేస్తే ఆర్‌పీఎం పెరుగుతోంది కానీ స్పీడు పెరగడం లేదు. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఈ రెండూ లేవు. మెకానిక్ చూసి క్లచ్ ప్లేట్లు పోయాయన్నాడు. పాత ఓనరు కంపెనీ లివర్లు తీసేసి పొట్టి లివర్లు వేయించాడు. వైరు బిగించే నట్టు లాంటిది ఎక్కడా కనబడలేదు, అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు.

ఇందులో సగం మీ చేతికి సంబంధించింది, సగం బండికి సంబంధించింది. రెండూ కలిపేసి "హైడ్రాలిక్ అంటే ఇంతేనేమో" అనుకుని సర్దుకుపోవద్దు. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే. హైడ్రాలిక్ క్లచ్ పట్టే చోటు, అంటే లివర్ వదులుతుంటే బండి కదలడం మొదలయ్యే చోటు, పొద్దున, మధ్యాహ్నం, ఘాట్ రోడ్డు మీద, ఎప్పుడైనా ఒకేచోట ఉండాలి. అది ఒకేచోట ఉంటే, లివర్‌లో ఎక్కడున్నా సరే, చెయ్యి నేర్చుకుంటుంది. అది జరుగుతూ ఉంటే మాత్రం చెయ్యి దానికి అలవాటు పడకూడదు. ముందు బండి సంగతి చూడాలి. ప్లేట్లు ఇప్పుడే కొనకండి.

నట్టు ఎందుకు లేదో ముందు చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. క్లాసిక్‌లో లివర్ లాగితే ఉక్కు వైరు తన తొడుగులో జరిగి ఇంజన్ దగ్గరి చిన్న ఆర్మ్‌ని లాగుతుంది. వాడేకొద్దీ వైరు కాస్త సాగుతుంది, తొడుగులో దుమ్ము చేరి బరువెక్కుతుంది. లోపల ప్లేట్లు అరిగేకొద్దీ లివర్ దగ్గర ఉండాల్సిన ప్లే, అంటే ఖాళీ కదలిక, తగ్గిపోతుంది. అందుకే అప్పుడప్పుడు నట్టు తిప్పి, లివర్ మొదట్లో 2, 3 మిల్లీమీటర్ల ప్లే ఉండేలా చూసుకుంటాం.

హయబుసాలో ఆ వైరు చేసే పనిని బ్రేక్ ఆయిల్ చేస్తుంది. హ్యాండిల్ మీద మాస్టర్ సిలిండర్, దాని మీద చిన్న డబ్బా. ఇంజన్‌కి ఎడమ పక్క, ముందు స్ప్రాకెట్ కవర్ దగ్గర స్లేవ్ సిలిండర్. రెండింటి మధ్య గొట్టం. మీరు లివర్ లాగితే పై పిస్టన్ ఆయిల్‌ని తోస్తుంది, ఆ ఒత్తిడికి కింది పిస్టన్ కదిలి ఒక సన్నటి పొడవాటి కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ గేర్‌బాక్స్ షాఫ్ట్ మధ్యలోంచి వెళ్లి కుడి పక్కన క్లచ్ ప్లేట్లని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటుని లేపుతుంది, దాంతో క్లచ్ విడుతుంది. స్కూల్లో చదివిన పాస్కల్ నియమం ఇదే. లెక్క కోసం పై పిస్టన్ వ్యాసం 14 మిల్లీమీటర్లు, కిందిది 35 అనుకోండి. వైశాల్యంలో కిందిది ఆరుంపావు రెట్లు పెద్దది. మీ వేళ్ల బలం అన్ని రెట్లవుతుంది, కదలిక మాత్రం అన్ని వంతులు తగ్గుతుంది. పైన పిస్టన్ 10 మిల్లీమీటర్లు కదిలితే కింద కదిలేది 1.6 మిల్లీమీటర్లే. అంటే లివర్ లాగుడంతా కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల పని కోసమే. గొట్టంలో చిటికెడు గాలి ఉన్నా, పైన లివర్ కొంచెం తప్పుగా కూర్చున్నా ఇంత తేడా ఎందుకు వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు కీలకం. మాస్టర్ సిలిండర్ లోపల, డబ్బా అడుగున, సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. లివర్ పూర్తిగా వదిలి, పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే అది తెరిచి ఉంటుంది. వేడికి గొట్టంలో ఆయిల్ వ్యాకోచిస్తే ఆ ఎక్కువైనదంతా ఈ రంధ్రంలోంచి డబ్బాలోకి వెళ్లిపోతుంది. ప్లేట్లు అరిగి స్లేవ్ పిస్టన్ వెనక్కి జరిగినా అక్కడ మిగిలిన ఆయిల్ ఇదే దారిలో పైకి వస్తుంది. క్లాసిక్‌లో మీరు నట్టుతో చేసే పనిని ఇక్కడ లివర్ వదిలిన ప్రతిసారీ ఆ రంధ్రం చేస్తోంది. మీకు నట్టు కనబడకపోవడానికి కారణం అదే.

ఇందులోంచి చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోని సంగతి ఒకటి వస్తుంది. బ్రేక్ ప్యాడ్‌లు అరిగేకొద్దీ బ్రేక్ డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతుంది, అది సహజం. క్లచ్ డబ్బాలో ఇది తలకిందులు. ప్లేట్లు అరిగేకొద్దీ మట్టం పెరుగుతుంది. క్లచ్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే అది అరుగుదల కాదు, ఎక్కడో కారుతోందని అర్థం. కాబట్టి సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "కొంచెం తక్కువుంది" అని పైదాకా పోస్తే, కొన్నాళ్లకి ఆయిల్ వెనక్కి రావడానికి డబ్బాలో చోటే మిగలదు. అప్పుడు రంధ్రం తెరిచి ఉన్నా లాభం ఉండదు.

మీ బండి లక్షణాలు నాకు దీన్నే గుర్తు చేస్తున్నాయి. చల్లగా ఉంటే బాగుంటుంది. వేడెక్కాక పట్టే చోటు లివర్ చివరికి జరుగుతుంది, ఆ తర్వాత క్లచ్ జారుతుంది. నిజంగా ప్లేట్లు అరిగిపోతే హైడ్రాలిక్‌లో పట్టే చోటు పెద్దగా జరగదు, ఎందుకంటే ఆ తేడాని ఆయిల్ సర్దేస్తుంది. లివర్ ఎప్పటిలాగే అనిపిస్తుంది, క్లచ్ మాత్రం పొద్దున కూడా జారుతుంది. పట్టే చోటు బయటికి జరగడం, వేడికి మాత్రమే జారడం, ఈ రెండూ కలిసి వస్తే లోపల ఒత్తిడి ఇరుక్కుపోతోందని అనుమానించాలి. ఆయిల్ వ్యాకోచించి, వెనక్కి పోయే దారి లేక, మీరు లివర్ ముట్టుకోకపోయినా ప్రెషర్ ప్లేటుని కొద్దిగా లేపి పెడుతోంది. ఎవరో కనబడకుండా హాఫ్ క్లచ్ పట్టుకుని కూర్చున్నట్టే.

నాకిది స్వయంగా జరిగింది. కొన్నేళ్ల క్రితం శ్రీశైలం వెళ్లి హైదరాబాద్ తిరిగొస్తున్నాం. మే నెల మధ్యాహ్నం. డ్యామ్ దాటాక ఈగలపెంట వైపు ఎక్కుడు మొదలైంది. ముందు ఆర్టీసీ బస్సు, దాని వెనకాల నేను, వరుసగా మలుపులు. నాలుగైదు మలుపులు తిరిగేసరికి రేజ్ చేస్తే ఇంజన్ అరుస్తోంది, బండి లాగడం లేదు. వెనక నా భార్య కూర్చుని ఉంది. పక్కకి ఆపి అరగంట కూర్చున్నాక మళ్లీ మామూలైంది. రెండు కిలోమీటర్లకి మళ్లీ అదే. రాత్రి అడవి గేటు మూసేలోపు మన్ననూరు దాటాలన్న టెన్షన్ ఒకటి. మూడోసారి ఆగినప్పుడు కింద స్లేవ్ సిలిండర్ మీదున్న బ్లీడ్ నిపుల్, అంటే గాలి తీసే మర, కొద్దిగా వదులు చేశాను. ఆయిల్ చిన్న ధారగా చిమ్మి ఆగింది. వెంటనే బిగించాను. క్లచ్ అక్కడికక్కడే గట్టిగా పట్టింది. అంటే ప్లేట్లలో ఏ దోషమూ లేదు, ఒత్తిడి ఇరుక్కుంది. ఇంటికొచ్చి చూస్తే కారణం లివర్. అంతకు నెల ముందు ఒక షాపులో కొత్త లివర్ వేయించాను. పాత లివర్‌లో ఉండే చిన్న ఇత్తడి బుష్‌ని వాళ్లు కొత్తదానికి సరిగ్గా మార్చలేదు. దాంతో లివర్ పూర్తిగా వదిలినా పిస్టన్ ఒక్క మిల్లీమీటరు లోపలికి నొక్కుకుని ఉంది, ఆ రంధ్రం ఎప్పుడూ సగం మూసే ఉంది.

అందుకే ముందు మీ పొట్టి లివర్ చూడమంటున్నాను. వేళ్లతో లివర్‌ని నెమ్మదిగా కదిపి చూడండి. పిస్టన్‌ని తాకేముందు చివర దగ్గర కొద్దిపాటి ఖాళీ కదలిక తెలియాలి. అసలేమీ లేకుండా మొదటి నుంచే బిగువుగా ఉంటే లివరే దోషి. తర్వాత చుట్టూ తడిగుడ్డ పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా మూత తీయండి. మూత తీసేముందు హ్యాండిల్ తిప్పి డబ్బాని నేలకి సమానంగా ఉంచండి. లివర్‌ని చాలా నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే లాగుతూ అడుగున చూడండి. లాగడం మొదలవగానే రంధ్రం దగ్గర ఆయిల్ చిన్నగా కదిలితే, బుడగలా ఎగిస్తే, దారి తెరిచే ఉందని అర్థం. ఏమీ కదలకపోతే లివర్ విప్పేసి మళ్లీ చూడండి. లివర్ తీశాక రంధ్రం పని చేస్తే ఏం చేయాలో మీకే తెలుస్తుంది. పాత ఓనర్ని అడిగి కంపెనీ లివర్ తెచ్చుకోండి. చాలామంది మార్చిన లివర్లు అటక మీద పెట్టే ఉంచుతారు. దొరక్కపోతే కొత్తది కొనండి, క్లచ్ ప్లేట్ల సెట్ కంటే అది చవక. పొట్టి లివర్లు చూడ్డానికి బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ 260 కిలోలు దాటిన బండికి సరిగ్గా కూర్చోని లివర్ పెట్టి తిరగడం నాకు అస్సలు ఇష్టం లేదు.

డబ్బాలో మట్టం పై గీత దాటి ఉంటే శుభ్రమైన సిరంజితో తీసేయండి. ఇంజన్ ఆయిల్ కూడా ఓసారి కనుక్కోండి. ఇది ఇంజన్ ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్. పాత ఓనరు కారు ఆయిల్ పోయించి ఉంటే, అందులో రాపిడి తగ్గించే రసాయనాల వల్ల ప్లేట్లు బాగున్నా జారతాయి. సీసా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి తడి క్లచ్ బైకులకి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉన్న ఇంజన్ ఆయిలే వాడాలి.

పట్టే చోటు అటు కాకుండా ఇటు, అంటే హ్యాండిల్ వైపుకి జరిగితే రోగం వేరే. గొట్టంలో గాలి చేరింది, లేదా ఎక్కడో సీలు దాటి ఆయిల్ కారుతోంది. లివర్ మెత్తగా అనిపిస్తుంది, పూర్తిగా లాగినా క్లచ్ పూర్తిగా విడవదు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు, మొదటి గేరు వేస్తే ఠక్కున ముందుకి లాగుతుంది. రెండు మూడుసార్లు గబగబా లాగితే కాస్త బాగవుతుంది. ఇలా లాగితే బాగవుతోందంటే గాలి ఉందనే అనుకోవచ్చు. మీకిప్పుడు ఇది లేదు, కానీ రేపు రావచ్చు కాబట్టి గుర్తుంచుకోండి. హయబుసాలో స్లేవ్ సిలిండర్ ఉన్న చోటు చైను పక్కనే. చైన్ స్ప్రే, మట్టి, గ్రీజు అన్నీ అక్కడే పేరుకుంటాయి. చైను శుభ్రం చేసినప్పుడల్లా ఆ మూల కూడా తుడవండి. అక్కడ తడి కనబడితే వేలితో తాకి చూడండి. నీళ్లతో కడిగితే పోయేది బ్రేక్ ఆయిల్, పోకుండా జిడ్డుగా మిగిలేది ఇంజన్ ఆయిల్ లేదా చైన్ లూబ్. ఏ కారణంతోనైనా స్లేవ్ సిలిండర్ విప్పితే, అది బయట ఉండగా లివర్ మాత్రం ఎవరూ లాగకూడదు. పిస్టన్ బయటికొచ్చేస్తుంది.

ఇక చేతి సంగతి. ఇది మీరు అడిగిన అసలు ప్రశ్న, నాకు చాలా ఇష్టమైన విషయం కూడా.

సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడానికి తప్పంతా క్లచ్‌ది కాదు. క్లాసిక్‌లో ఒకే పెద్ద సిలిండరు, ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్. క్లచ్ కాస్త తొందరపడి వదిలినా ఆ బరువు తిరుగుతూనే ఉండి బండిని ముందుకి నెట్టేస్తుంది, మీ తప్పుని కప్పేస్తుంది. ఆరేళ్లు మీ చెయ్యి ఆ సాయానికి అలవాటు పడింది. హయబుసాలో నాలుగు సిలిండర్లు, 1340 సీసీ, బలం కొండంత ఉంది. కానీ ఐడిల్ దగ్గర ఆ బరువైన ఫ్లైవీల్ ఇచ్చే క్షమ ఉండదు. క్లచ్ తటాలున వదిలితే ఇంజన్ ఠపీమని ఆగుతుంది. ఆగుతుందన్న భయంతో ఎక్కువ రేజ్ చేస్తే ముందుకి దూకుతుంది. రెండూ మీరు చూసే ఉంటారు. ఇక్కడ చేయాల్సింది, ముందు రేజ్‌ని ఒకచోట నిలపడం. 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య పట్టుకుని, క్లచ్‌తోనే కదలాలి. కదిలిన మొదటి రెండు మీటర్లు కుడి చెయ్యి స్థిరంగా ఉండాలి, పనంతా ఎడమ చేతిదే.

అంతకంటే ముందు లివర్ కోణం సరిచేసుకోండి. సీటు మీద మామూలుగా కూర్చుని, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండేలా లివర్ బ్రాకెట్ వదులు చేసి తిప్పుకోండి. క్లాసిక్ మీద నిటారుగా కూర్చుంటారు, హయబుసా మీద ముందుకి వంగుతారు. పాత ఓనరు మీ కంటే పొడుగో పొట్టో అయితే అతని కోణం మీకు నప్పదు. తిప్పాక హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, గొట్టం ఎక్కడా లాగుకుపోవడం లేదని, డబ్బా ఫెయిరింగ్‌కి తగలడం లేదని చూసుకోండి.

మీ పొట్టి లివర్ మీద అంకెలున్న చిన్న చక్రం ఉందన్నారు, దాన్ని హ్యాండిల్‌కి బాగా దగ్గరగా పెట్టుకున్నానన్నారు. ఆ చక్రం లివర్‌ని దగ్గరికి, దూరానికి మాత్రమే జరుపుతుంది. పిస్టన్ ఎంత కదలాలో అంతే కదలాలి, అది మారదు. కాబట్టి మరీ దగ్గరగా పెడితే, పూర్తిగా లాగేలోపే లివర్ మీ మిగతా వేళ్లకి తగిలి ఆగిపోతుంది. నాలుగు వేళ్లతో లాగేవాళ్లకి ఇది తెలియదు. పొట్టి లివర్‌ని రెండు వేళ్లతో లాగేవాళ్లకి బాగా తెలుస్తుంది. పట్టే చోటు మీ వేళ్ల రెండో కణుపు దగ్గరికి వచ్చేలా చక్రం పెట్టుకోండి. ఏ అంకె దూరం, ఏ అంకె దగ్గర అన్నది లివర్‌ని బట్టి మారుతుంది. చూసి తిప్పండి, అంకెని నమ్మకండి.

సాధన ఎలాగంటే, ఆదివారం పొద్దున్నే ఖాళీగా, చదునుగా ఉన్న చోటికి వెళ్లండి. కాలేజీ గ్రౌండ్ అయినా సరే, పెద్ద పార్కింగ్ అయినా సరే. ఇంజన్ వేడెక్కనివ్వండి. రెండు కాళ్లూ నేల మీద పెట్టి, మొదటి గేరు వేసి, అసలు రేజ్ చేయకుండా లివర్‌ని చీమ నడిచినంత నెమ్మదిగా వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం కాస్త లోతుగా మారుతుంది, బండి ముందుకి ఒరిగినట్టవుతుంది. అక్కడే ఆపి మళ్లీ లాగేయండి. పూర్తిగా వదలొద్దు. ఇది ముప్పై సార్లు చేయండి. పది సార్లకి మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగండి, ప్లేట్లు చల్లబడాలి. ముప్పై సార్లయ్యాక కళ్లు మూసుకుని లివర్ వదిలినా ఆ చోటు మీ వేళ్లకి తెలుస్తుంది. చక్రం మార్చితే, లివర్ మార్చితే మళ్లీ ముప్పై సార్లు చేయాలి.

వైరు క్లచ్‌లో వైరు తొడుగుకి రాసుకునే గరుకుదనం వేళ్లకి తెలుస్తూ ఉంటుంది, మనం దాన్నే "క్లచ్ ఫీల్" అనుకుంటాం. హైడ్రాలిక్‌లో ఆ గరుకుదనం లేదు. మొదట్లో ఏమీ తెలియడం లేదనిపిస్తుంది. నిజానికి తెలుస్తుంది, కాకపోతే వేళ్లలో కాదు, ఇంజన్ శబ్దంలో, కూర్చున్న చోట బండి కదలికలో. వేళ్ల నుంచి చెవికి మారడమే మీ అలవాటులో అసలు మార్పు. ఇందుకోసమే మొదటి రోజుల్లో హెల్మెట్ లోపల పాటలు పెట్టుకోవద్దు.

శబ్దం పట్టుబడ్డాక నడక వేగంతో వెళ్లడం సాధన చేయండి. కొద్దిగా రేజ్, క్లచ్ పట్టే చోటే, వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా. మూడూ కలిపి పట్టుకుంటే ఇంత పెద్ద బండి కూడా నిలకడగా కదులుతుంది. యూటర్న్‌లో మీకొస్తున్న కుదుపు, మధ్యలో రేజ్ మూసేయడం వల్ల. మూసేశాక ఇంజన్ బండిని వెనక్కి లాగుతుంది, మళ్లీ తెరిస్తే ముందుకి దూకుతుంది. వేగం ఎక్కువనిపిస్తే వెనక బ్రేకు నొక్కండి, రేజ్ కదపొద్దు. చూపు వెళ్లాల్సిన చోట ఉంచండి. ముందు బ్రేకు మాత్రం హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు అస్సలు వద్దు. ఈ బరువు పడిపోవడం మొదలైతే కాలితో ఆపలేరు.

బుల్లెట్ నడిపేవాళ్లకి ఇంకో అలవాటు ఉంటుంది, ఊరికే లివర్ మీద వేళ్లు ఆనించి ఉంచడం. అక్కడ 2, 3 మిల్లీమీటర్ల ప్లే దాన్ని మింగేస్తుంది. ఇక్కడ ఆ ప్లే చాలా తక్కువ. ఆనించిన వేళ్ల బరువుకే పిస్టన్ కదిలి ఆ రంధ్రం మూసుకుంటుంది, క్లచ్ కొద్దిగా లేస్తుంది. లివర్ అవసరం లేనప్పుడు వేళ్లన్నీ హ్యాండిల్ చుట్టూ ఉండాలి. సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టుకుని నిలబడొద్దు. పూర్తిగా ఆగకముందే, బండి ఇంకా దొర్లుతుండగా న్యూట్రల్ వేసేయండి, అప్పుడు సులువుగా పడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆగితే వెనక బ్రేకుతో ఆపండి, క్లచ్‌తో కాదు.

"హైడ్రాలిక్ అంటే తేలిక కదా, మరి నాకు చెయ్యి నొప్పి ఎందుకు" అనీ రాశారు. హైడ్రాలిక్ అంటే తేలిక అన్నది సగమే నిజం. ఎంత బలం కావాలన్నది లోపలి స్ప్రింగ్‌లని, పిస్టన్‌ల నిష్పత్తిని బట్టి ఉంటుంది. వైరు క్లచ్ ఉన్న నింజా 400 లివర్ ఒక్క వేలితో లాగవచ్చు, ఎందుకంటే దాంట్లో ఇంజన్ బలమే ప్లేట్లని నొక్కడానికి సాయపడే అసిస్ట్ క్లచ్ ఉంది, స్ప్రింగ్‌లు మెత్తనివి. హైడ్రాలిక్ ఇచ్చే మేలు వేరు. ఏడాది తర్వాత కూడా మొదటి రోజు ఎంత బరువుందో అంతే ఉంటుంది. పైగా పొట్టి లివర్‌లో లీవరేజి తగ్గుతుంది, అందుకే మీకు ఎక్కువ బరువనిపిస్తోంది. లివర్ మారిస్తే ఆ నొప్పి కూడా తగ్గుతుందని నా నమ్మకం.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి క్లచ్‌లోని బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. మార్చేయండి. డబ్బా మూత మీద రాసి ఉన్నదే వాడాలి, మీ బండికి డాట్ 4. ఇది గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో నేనైతే అంతకంటే ముందే మారుస్తాను. తెరిచి ఏడాదైన సీసాలోది పోయొద్దు. డాట్ 5 అని దొరికేది సిలికాన్ ఆయిల్, దాన్ని దీంతో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది ఇదే జాతి. కొన్ని బళ్ల క్లచ్‌లు, ముఖ్యంగా మాగురా మాస్టర్ సిలిండర్ ఉన్న కేటీఎం ఆఫ్‌రోడ్ బళ్లు, మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. వాటిలో డాట్ 4 పోస్తే సీళ్లు పాడవుతాయి, దీంట్లో అది పోసినా అంతే. స్నేహితుడి బండికి వాడగా మిగిలిన సీసా ఉందని పోసేయకండి.

గాలి తీయడం బ్రేకులకి తీసినట్టే. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి, ఎందుకంటే ఈ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోయాలి. లివర్ నెమ్మదిగా లాగి పట్టుకోవాలి, కింద నిపుల్ వదులు చేయాలి, బిగించాలి, ఆ తర్వాతే లివర్ వదలాలి. ఎక్కువ బళ్లలో నిపుల్‌కి 8 నంబరు స్పానర్ పడుతుంది. డబ్బా ఖాళీ అవకుండా పోస్తూ ఉండాలి, ఒక్కసారి అడుగు కనబడితే మళ్లీ మొదటికి. అర లీటరు సీసా కంటే తక్కువే పడుతుంది. అంతా అయ్యాక కూడా లివర్ కాస్త మెత్తగా ఉంటే, రాత్రి లివర్‌ని హ్యాండిల్‌కి లాగి గట్టి రబ్బరు బ్యాండ్‌తో కట్టేసి పడుకోండి. పొద్దున విప్పి, నాలుగైదుసార్లు నెమ్మదిగా లాగి వదలండి. మొండి బుడగలు చాలావరకు పైకొచ్చేసి ఉంటాయి.

వైరు తెగితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, హైడ్రాలిక్ పాడైతే దారిలో ఎవరూ బాగు చేయలేరన్న భయం మీకుంది. సగం నిజమే. కానీ వైరు తెగినట్టు ఇది ఒక్కసారిగా తెగడం అరుదు. కొన్ని రోజుల ముందు నుంచి మట్టం తగ్గడం, లివర్ మెత్తబడటం చూపిస్తుంది. దూరం వెళ్లేముందు డబ్బా అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే చాలు. దారిలో లివర్ మొత్తంగా హ్యాండిల్‌కి వచ్చేస్తే ముందు గబగబా పది పదిహేను సార్లు లాగండి, కొంత ఒత్తిడి దొరకవచ్చు. కదులుతున్న బండిలో పై గేర్లు క్లచ్ లేకుండా పడతాయి. గేరు పెడల్ మీద పాదంతో తేలిగ్గా ఒత్తిడి పెట్టి, రేజ్ ఒక్క క్షణం మూస్తే జారి పడుతుంది. ఆగేముందు న్యూట్రల్ వేసుకోండి. ఆగాక మళ్లీ క్లచ్ లేకుండా కదిలించే ప్రయత్నం ఈ బండితో చేయొద్దు. క్లాసిక్‌తో చేసి ఉంటారు, ఇది వేరు. ఆటో ట్రాలీ పిలవండి.

క్లాసిక్ కూడా ఉంచుకున్నానన్నారు, మంచిదే. రెండూ నడిపేవాళ్లకి ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన మొదటి ఐదు నిమిషాలు ఎప్పుడూ తేడాగానే ఉంటాయి. నాకిప్పటికీ ఉంటాయి. వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్లి, రెండుసార్లు ఆగి కదిలి, ఆ తర్వాతే మెయిన్ రోడ్డెక్కుతాను.

ఈ శని, ఆదివారాల్లో లివర్ ఖాళీ కదలిక, డబ్బాలో మట్టం, ఆయిల్ రంగు, ఈ మూడూ చూసి ఇక్కడే రాయండి. మళ్లీ వేడెక్కి జారితే బండి పక్కకి ఆపి, ఇంజన్ ఆపి, నిపుల్ ఒక్క పావు తిప్పు వదిలి బిగించి చూడండి. ఎగ్జాస్ట్ కాలుతూ ఉంటుంది, గ్లవ్స్ తీయకండి. అప్పటికప్పుడు పట్టిందా లేదా అన్నది నాకు చెప్పండి. పట్టకపోతే అప్పుడు ప్లేట్ల గురించి మాట్లాడదాం.